దసరా సెలవుల్లో పిల్లలతో ఏం చేయాలి? ఒక్క ఇంటి పని, ఒక్క ప్రయాణం, మిగతా రోజులు వదిలేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైదరాబాద్‌లో టూ బెడ్రూమ్ ఫ్లాట్, బాబుకి 11 ఏళ్ళు, పాపకి 6, మీరిద్దరూ ఉద్యోగాలు, ఇద్దరికీ తలా నాలుగు లీవులు మాత్రమే ఉన్నాయి, పిల్లలకేమో 12 రోజులు సెలవులు. ఈ టైంలో హాల్‌కి పెయింట్ వేయించాలా, ఊటీ వెళ్ళాలా, పిల్లల్ని ఏదైనా దసరా క్యాంపులో వేయాలా, ఫోన్ నుంచి బాబుని ఎలా లాగాలి అని అడిగారు.

ముందే చెప్పేస్తా. 12 రోజులకి ఒక్కటే పెద్ద ఇంటి పని పెట్టుకోండి, ఒక్కటే రాత్రి ఉండొచ్చే ప్రయాణం, అదీ మొదటి వారంలోనే, మిగతా రోజులకి ప్లాన్ వేయకండి. పెయింట్ వద్దు, ఊటీ ఇప్పుడు వద్దు, క్యాంపు మీ ఇష్టం కానీ నేనైతే డబ్బులు పెట్టను.

నా సంగతి కూడా చెప్పాలి కదా, లేకపోతే ఈవిడెవరు చెప్పడానికి అనుకుంటారు. పుట్టిల్లు తెనాలి, మెట్టినిల్లు హనుమకొండ, గవర్నమెంట్ స్కూల్లో 19 ఏళ్ళుగా టీచర్ని. అంటే పిల్లలకి సెలవులంటే నాకూ సెలవులే, మా ఆయనకి కాదు. ఇద్దరు పిల్లలు, ఇప్పుడు పెద్దాడు ఇంజనీరింగ్, చిన్నది ఇంటర్. ఈ 12 రోజుల్ని రకరకాలుగా పాడు చేసుకున్న అనుభవం నాకు బాగా ఉంది, అందుకే రాస్తున్నా.

ఒక ఏడాది అన్నీ చేద్దామని కూర్చున్నా. మా తెనాలి వైపు మా అమ్మ బొమ్మల కొలువు సంక్రాంతికి పెట్టేది, నేను పిల్లల సెలవులు కలిసొస్తాయని దసరాకి మార్చుకున్నా. ఇక్కడేమో తొమ్మిది రోజులు బతుకమ్మ. దాని మీద అల్మరాలు సర్దుడు, పిండివంటలు, మధ్యలో రెండు రోజులు వైజాగ్. చివరి రోజు, అంటే సద్దుల బతుకమ్మ పొద్దున పూలు ముందేసుకుని కూర్చుని ఏడ్చేశా, నిజంగా. పిల్లలు బిక్కమొహాలేసుకుని చూస్తున్నారు. మా అత్తమ్మ వచ్చి తాంబాళం తన ముందుకి లాక్కుని "నువ్వు పోయి చాయ్ తాగిరా పో, ఇది నేను, పిలగాండ్లు చూసుకుంటం" అంది. ఆవిడా, పిల్లలూ కలిసి గంటన్నరలో పేర్చేశారు. నేను లేకుండానే బాగా వచ్చింది ఆ ఏడు బతుకమ్మ. అప్పట్నుంచి ఏడాదికి ఒకటే పెద్ద పని, కొలువో బతుకమ్మో ఏదో ఒకటి పిల్లల చేతికి ఇవ్వడం, రెండోది నా వరకు చిన్నగా కానిచ్చేయడం.

ఇంటి పని ఏది పెట్టుకోవాలి

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి బతుకమ్మ చాలా తేలిక, పూలు మీ వీధి చివరికే వస్తాయి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది, సెలవులు కూడా ఇంచుమించు దానితోనే మొదలవుతాయి. మీకు ఇంట్లో ఆనవాయితీ లేకపోయినా ఫర్వాలేదు, మీ అపార్ట్‌మెంట్‌లో ఎలాగూ ఆడతారు, వాళ్ళ దగ్గరికి ఒకటి పేర్చుకుని వెళ్తే ఎవరూ వద్దనరు. రోజూ పేర్చక్కర్లేదు. ఎంగిలిపూల నాడు అరచేతంత చిన్నది ఒకటి, మళ్ళీ సద్దుల నాడు పెద్దది, మధ్యలో పాప సరదా పడితే ఇంకోటి. ఆరో రోజు బతుకమ్మ అలిగింది అని ఆడరు, అలిగిన బతుకమ్మ అంటారు, ఆరేళ్ళ పిల్లకి ఈ ముక్క చెప్పి చూడండి, ఎందుకలిగింది, ఎవరేమన్నారు అని రోజంతా అడుగుతూనే ఉంటుంది.

అసలు పని గునుగు పువ్వుకి రంగులద్దడం. ఇది మీ బాబుకి ఇవ్వండి. గునుగు తంగేడులా వాడిపోదు, కాగితంలా పొడిగా ఉంటుంది, కాబట్టి సద్దులకి రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోవచ్చు, రేటు కూడా అప్పుడే నయం, ఆ రోజు పొద్దున వెళ్తే అడిగినంత ఇవ్వాల్సిందే. తెచ్చిన కట్టల్లోంచి ఆకులు దూసేసి, తలలన్నీ సమంగా వచ్చేలా గుప్పెడు గుప్పెడు తీసుకుని దారంతో బిగించి కట్టాలి. కాడ జానెడు ఉంచి మిగతాది కోసేయాలి. మొదటిసారి నేను పొట్టిగా కోసేస్తే మా అత్తమ్మ "గట్ల కొయ్యకు బిడ్డా, కాడ లేకుంటే ఏడ పట్టుకుంటది" అంది. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి పూల రంగు కలిపి తలలు ముంచి దులిపి, పాత పేపర్ల మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పెళుసెక్కి రాలిపోతుంది. ఇంకో సంగతి, గునుగు నుంచి నల్లగా మెరిసే సన్న గింజలు రాలతాయి, ఆవాల కంటే చిన్నవి, హాల్లో చేస్తే దీపావళి దాకా ఊడుస్తూనే ఉంటారు, అందుకని బాల్కనీలో దుప్పటి పరిచి చేయించండి.

ఫోన్ సంగతి అడిగారు కదా. చేతులు మోచేతుల దాకా గులాబి రంగులో ఉన్న పిల్లాడు ఫోన్ ముట్టుకోలేడండీ, ముట్టుకుంటే దొరికిపోతాడు. మా వాడి వేళ్ళు మూడు రోజులు ఊదా రంగులో ఉండేవి.

పేర్చడం ఇలా. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ పూలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా ఒక వరస తంగేడు, దాని మీద వరస రంగు గునుగు, మళ్ళీ బంతి, అలా పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పోవాలి. అందరూ పూల మీదే ధ్యాస పెడతారు కానీ పడిపోయేది లోపల బోలుగా ఉండటం వల్ల. కోసి పడేసిన కాడలు, ఆకుల ముక్కలు ప్రతి వరసకీ మధ్యలో కూరి అరచేత్తో అదమాలి. "కడుపు నిండితేనే నిలవడ్తది" అని మా అత్తమ్మ మాట. ఈ కూరే పని ఆరేళ్ళ పాపది, పిడికిలితో గుద్దుకోవడం వాళ్ళకి ఎలాగూ ఇష్టం. చివర గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. తంగేడు మాత్రం ముందు రోజు సాయంత్రం కంటే ముందు తేకండి, ఒడిలిపోతుంది.

ప్రసాదం కూడా పిల్లలతోనే. మలీద అంటే చపాతీనో జొన్నరొట్టెనో వేడిగా ఉన్నప్పుడే తుంచి బెల్లం వేసి పిసికి ముద్దలు కట్టడమే, పొయ్యి దగ్గరికి పిల్లలు రానక్కర్లేదు.

కొలువు వైపు మనసుంటే అదీ మంచి పనే, దానికి ఖరీదైన బొమ్మలు అవసరం లేదు. మెట్లు బేసి సంఖ్యలో ఉంటే చాలు, మూడో ఐదో. అట్టపెట్టెలు, ట్రంకు పెట్టె, పాత పుస్తకాల కట్టలు, పైన తెల్ల పంచె. పై మెట్ల మీద దేవుళ్ళని మీరు పెట్టుకోండి, కింది నేల మాత్రం పిల్లలకి రాసిచ్చేయండి, వేలు పెట్టకండి. మా వాడు నాలుగో తరగతిలో అక్కడ హనుమకొండ బస్టాండ్ కట్టాడు. అగ్గిపెట్టెలతో ఆర్టీసీ బస్సులు, ప్లాట్‌ఫారంకి ఒక ఊరి పేరు, ములుగు, పరకాల, నర్సంపేట అని వంకర టింకర అక్షరాలతో, ఒక మూల బంకమట్టితో మక్క కంకులు కాల్చే ముసలమ్మ, ఆమె ముందు నిప్పులకి ఎర్ర క్రేయాన్ చెక్కి పోశాడు. పైన లక్ష్మీదేవి, సరస్వతి, వాటి పక్కన మా అమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు. పేరంటానికి వచ్చిన వాళ్ళందరూ అవన్నీ వదిలేసి బస్టాండ్ దగ్గరే కూర్చున్నారు. ఇంకా ఒక పళ్ళెంలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లితే మూడు నాలుగు రోజుల్లో పచ్చగా లేస్తుంది, అది పొలం అన్నమాట, పాపకి రోజూ నీళ్ళు చిలకరించే డ్యూటీ.

కొండపల్లి బొమ్మ కొంటే ఒక్కటే కొనండి, చేతిలో పెట్టి ఎంత తేలిగ్గా ఉందో చూపించండి, అది తెల్ల పొణికి కర్ర. ఏటికొప్పాకవి అంకుడు కర్ర, లక్క రంగులు. రెండూ పక్కపక్కన పెడితే 11 ఏళ్ళ పిల్లాడికి తేడా తనకే తెలుస్తుంది.

పెయింట్ ఎందుకు వద్దన్నానంటే

దసరా టైంకి వానలు పూర్తిగా పోవు. గోడ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. మేము ఒకసారి సెలవులున్నాయి కదా అని హాల్లో బయటి వైపు గోడకి పుట్టీ పెట్టి మేమే రెండు కోటింగులు వేశాం, పిల్లలు రోలర్లు పట్టుకుని తెగ సంబరపడ్డారు, సంక్రాంతికల్లా అప్పడంలా పొంగి పెచ్చులూడింది. తప్పు మాదే, తొందర. పైగా పండుగ ముందు పెయింటర్లు దొరకరు, దొరికినా సగంలో వదిలి ఊరెళ్ళిపోతారు, నిచ్చెన మాత్రం మీ హాల్లోనే ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో పెట్టుకోండి. మరీ చేతులు దురదగా ఉంటే లోపలి తలుపో, పిల్లల టేబులో రంగేయండి.

దానికంటే మంచి పని ఒకటుంది, ఆయుధ పూజకి సైకిల్ సర్వీసింగ్. మహర్నవమి నాడు బండికి, కారుకి, మిక్సీకి అన్నిటికీ బొట్లు పెడతాం కదా, దాని ముందు రోజు బాబుతో సైకిల్ తిరగేయించి, చైన్ మీద మురికి పాత టూత్‌బ్రష్, కిరసనాయిల్ దొరక్కపోతే డీజిల్‌తో తోమించి, తుడిచి, ఆయిల్ వేయించండి. బ్రేకు కట్టలు అరిగాయో లేదో వాడే చూస్తాడు. చైన్‌లో వేలు పడకుండా పెద్దవాళ్ళు పక్కనుండాలి, అంతే. మా ఆయన ఆ రోజు లాప్‌టాప్‌కి కుంకుమ పెట్టనివ్వడు, స్క్రీన్ పాడవుతుందట, ఛార్జర్‌కి పెట్టి సరిపెడతాం.

ప్రయాణం

ఊటీ వద్దనడానికి కారణం చల్లదనం కాదు, రానూపోనూ. నాలుగు లీవుల్లో రెండు బండిలోనే పోతాయి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు, దసరా తేదీలకి ఆ రోజు పొద్దున కూర్చోని వాళ్ళకి వెయిటింగ్ లిస్టే. పండుగకి రెండు రోజుల ముందు రోడ్డెక్కితే విజయవాడ హైవే అయినా వరంగల్ హైవే అయినా టోల్ గేట్ల దగ్గర పిల్లలు ఆకలికి, బాత్రూమ్‌కి గొడవ. అందుకే అంటున్నా, మొదటి వారం మధ్యలో, మంగళ బుధవారాలు. జనం ఉండరు, రూములు మామూలు రేటుకి దొరుకుతాయి.

మా వైపు రమ్మంటా. హైదరాబాద్ నుంచి హనుమకొండ 145 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి వేయిస్తంభాల గుడి, సాయంత్రం అక్కడే బతుకమ్మ ఆడుతుంటే చూడొచ్చు. మర్నాడు పొద్దున్నే ఇంకో 65-70 కిలోమీటర్లు ములుగు వైపు పోతే పాలంపేటలో రామప్ప గుడి. 1213లో కట్టింది, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో వాళ్ళ జాబితాలోకి ఎక్కింది. పిల్లలకి ఇదంతా చెప్తే ఆవలిస్తారు. శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళలో తేలుతుంది అని మాత్రం చెప్పండి, అప్పుడు చూడండి మొహాలు. పాపకి గోడ చుట్టూ ఉన్న ఏనుగుల వరస లెక్కపెట్టే పని ఇవ్వండి. మా చిన్నది మూడుసార్లు లెక్క తప్పి మూడుసార్లు గుడి చుట్టూ తిరిగింది, మేము హాయిగా కూర్చున్నాం. బాబుకి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, చూపించి, మడమ ఎత్తు చెప్పులేసుకున్నట్టుండే బొమ్మ ఎక్కడుందో కనిపెట్టమనండి. పది గంటల లోపు వెళ్ళండి, తర్వాత రాయి కాలుతుంది, చెప్పులు లేకుండా పిల్లలు నడవలేరు. అక్కణ్ణుంచి లక్నవరం చెరువు దగ్గరే, వేలాడే వంతెన ఎక్కి దిగి, భోజనం చేసి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

జలపాతాలు ఈ టైంలో బాగుంటాయి నిజమే, బొగత అయినా కుంటాల అయినా. కానీ పైన వాన పడితే కింద నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి, బండలు పాకుడు. దూరం నుంచి చూసి రండి, పిల్లల్ని నీళ్ళలోకి దించొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తా.

విజయవాడ ఇంద్రకీలాద్రి వెళ్దామనుకుంటే మూలా నక్షత్రం రోజు మాత్రం ఆరేళ్ళ పిల్లతో వద్దు. ఆ రోజు సరస్వతీ అలంకారం, లక్షల్లో జనం. చదువుకునే పిల్లలకి ఆ రోజే చూపించాలని పట్టుదల ఉంటుంది, నాకూ ఉండేది, ఒక పెద్ద గుడి క్యూలో చిన్నదాన్ని భుజాన వేసుకుని ఐదు గంటలు నిలబడ్డాక పోయింది. ఇంట్లోనే పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టేయండి. పూజలో పెట్టిన పుస్తకం తీసి చదవకూడదు అన్న రూలు పిల్లలకి భలే నచ్చుతుంది.

హైదరాబాద్‌లోనే ఒక పూట తిరగాలంటే ఒక్క జాగ్రత్త. జూ పార్కు సోమవారం బంద్, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం బంద్. గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చిన వాళ్ళు మా స్టాఫ్ రూమ్‌లోనే ముగ్గురున్నారు.

మరి లీవులు? రెండు ప్రయాణానికి. ఒకటి సద్దుల రోజుకి. నాలుగోది దసరా మర్నాడు పెట్టుకోండి, అందరూ పండుగ ముందు పెట్టి పొరపాటు చేస్తారు. పండుగ మర్నాడు ఇల్లు, ఒళ్ళు రెండూ పని చేయవు. మీరిద్దరూ ఒకే రోజు పెట్టాల్సిన అవసరం ప్రయాణానికి తప్ప లేదు, పిల్లలకి ఎవరో ఒకరు ఇంట్లో ఉంటే చాలు.

తాతగారి ఊరు ఉంటే దసరా రోజుకి అక్కడుండండి. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్ళి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి బంగారం అని కాళ్ళు మొక్కడం ఫ్లాట్‌లో జరగదు. మొక్కితే చేతిలో ఎంతో కొంత పడుతుంది, పిల్లలు దానికోసమైనా బుద్ధిగా ఉంటారు. పాలపిట్టని చూడాలంటారు కదా, పొద్దున్నే పొలాల వైపు కరెంటు తీగల మీద చూపు పెడితే కనిపిస్తుంది, లేకపోతే లేదు. పంజరంలో పెట్టి డబ్బులకి చూపించే వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, పట్టి ఉంచడం చట్టప్రకారం నేరం, దాని రెక్కలు, కాళ్ళు కట్టేసి ఉంచుతారు పాపం. అన్నట్టు 2025లో దసరా అక్టోబర్ 2నే పడి మటన్ దుకాణాలు బందయ్యాయి, మా ఇంట్లో అంత విషాదం పరీక్షా ఫలితాలప్పుడు కూడా చూడలేదు.

క్యాంపుల గురించి ఒక మాట. మీరిద్దరూ ఆఫీసుకి వెళ్ళాల్సిందే, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు అంటే తప్పదు, వేయండి, అందులో తప్పేం లేదు. కానీ ఏదో నేర్చుకుంటారని వేయకండి, ఐదు రోజుల్లో ఏమీ రాదు.

హోంవర్క్ మీరు అడగలేదు, అయినా చెప్తా. మొదటి రెండు రోజుల్లో రోజుకి గంట కూర్చోబెట్టి సగం లాగేయండి, మిగతాది చివరి రెండు రోజులు. టీచర్ని కాబట్టి గుట్టు విప్పుతున్నా, సెలవుల హోంవర్క్ ప్రతి అక్షరం మేము దిద్దం. ఫోన్ కూడా పూర్తిగా లాక్కోకండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటన్నర ఇచ్చేయండి, మీరూ ఆ టైంకి ఒక కునుకు తీయొచ్చు. ఏమీ తోచట్లేదు అని మూడో రోజు నుంచి మొదలుపెడతారు, కంగారు పడకండి. మావాడు బస్టాండ్ కట్టింది అలా ఏమీ తోచకే.

మా ఆడపడుచు డల్లాస్‌లో ఉంటుంది, అక్కడ దసరాకి సెలవే లేదు, శనివారం చూసుకుని కొట్లో దొరికిన చామంతులతో పేరుస్తారు, గునుగు కోసం ఇక్కణ్ణుంచి ఎండబెట్టి పంపమంటుంది. మీ ఇంటి కిందే కట్టలు కట్టలు అమ్ముతుంటే మీకేం.

ఇంకేమైనా ఉంటే అడగండి. ఆ పాపకి కత్తెర ఇస్తే మాత్రం మొన మొద్దుగా ఉన్నది ఇవ్వండి, గునుగు కాడ గట్టిగా ఉంటుంది, బలం పెట్టి కోస్తూ జారితే వేలికే తగులుతుంది.